గాజు తొడిగి చూపినట్టు ఆట చూపాలి

"ఆంటీ, రేపు రాత్రి ఎనిమిదింటికి మా ఆట లైవ్ ఉంది. జర చూడుండ్రి" అన్నాడు మా పై వాటా అబ్బాయి, మెట్ల మీద ఎదురుపడి.

లైవ్ అనగానే ఏ క్రికెట్ మ్యాచో అనుకున్నాన్నేను. కాదట. అతనూ, మొగల్‌పురాలో ఉండే స్నేహితుడూ, ఆ స్నేహితుడి చెల్లెలూ కలిసి రెండేళ్లుగా ఓ కంప్యూటర్ గేమ్ తయారుచేస్తున్నారు. మన పాతబస్తీ డాబాల మీద సంక్రాంతికి పతంగులు ఎగరేయడమే ఆట. ఇంజనీరింగ్ అయ్యాక వచ్చిన ఉద్యోగం కాదని దీని మీద కూర్చున్నాడని వాళ్ల నాన్నగారు కొడుకుతో మాట్లాడ్డం తగ్గించేశారు. కంప్యూటర్ కొన్నది వాళ్లమ్మ చిట్టీ పాడిన డబ్బుతో. ఆ సంగతి ఆవిడ నాకు చెప్పిందీ, ఆయనకు చెప్పలేదూ!

మర్నాడు రాత్రి వంట త్వరగా ముగించి, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి ఫోన్ ముందు కూర్చున్నాను. తెర మూల 'చూస్తున్నవారు 9' అని ఉంది. అందులో నలుగురం ఈ గౌలిపురా ఇంట్లోవాళ్లమే. పిల్లలిద్దరూ తమ కంపెనీ పేరెందుకలా పెట్టారో చెప్పారు. కాలేజీలో ఎలా కలిశారో చెప్పారు. కథానాయకుడి తాతగారి కథ చెప్పారు. శబ్దం ఎక్కడ పెంచాలో, భాష ఎక్కడ మార్చాలో చూపించారు.

"అమ్మా, పతంగి ఎప్పుడు ఎగరేస్తారు?" అంది మా అమ్మాయి.

ఇరవై అయిదో నిమిషంలో ఎగిరింది పతంగి. నిజంగా ఎంత బావుందనుకున్నారు! కానీ అప్పటికి మూలనున్న అంకె 5 అయింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పత్రికలకు కథలు పంపి తిప్పికొట్టించుకున్న అనుభవం ఉన్నదాన్ని కదా! మొదటి పేజీ అంతా వాతావరణ వర్ణనే రాసి, అసలు సంఘటన మూడో పేజీలో పెట్టేదాన్ని. మూడో పేజీ దాకా ఏ సంపాదకుడు వస్తాడు? ఈ పిల్లలు చేసిందీ అదే తప్పు. అక్కణ్ణుంచి ఈ ప్రత్యక్ష ప్రసారాల సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ ఇది మనలాంటి తల్లులు కూడా పట్టించుకోవలసిన విషయమేననిపించింది.

అంగడి మారింది

ఒకప్పుడు కొత్త ఆటలను అమెరికాలో 'ఈ3' అనే పెద్ద ప్రదర్శనలో చూపేవారు. 1995లో మొదలైన ఆ జాతర కొన్నేళ్లు కుంటుకుంటూ నడిచి, 2023 డిసెంబరులో పూర్తిగా మూతపడింది. ఎందుకంటే కంపెనీలు తమ దుకాణం తామే తెరుచుకున్నాయి. జపాను కంపెనీ నింటెండో 2011 అక్టోబరులోనే 'నింటెండో డైరెక్ట్' పేరుతో ఇంటర్నెట్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఇతరులు ఆడుతుంటే చూడ్డానికి ట్విచ్ అనే వేదిక అదే సంవత్సరం వచ్చింది. 2014లో దాన్ని అమెజాన్ 97 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చూడ్డమేమిటి అంటారా? అష్టాచెమ్మా ఆడేవాళ్లు నలుగురైతే చుట్టూ చేరి సలహాలిచ్చేవాళ్లు పదిమంది ఉండేవారు కాదూ!

డబ్బులేని చిన్నవాళ్లకు కూడా ఇందులో చోటుంది. కంప్యూటర్ ఆటలమ్మే 'స్టీమ్' అనే పెద్ద అంగడిలో ఒక ఆట పెట్టడానికి రుసుము 100 డాలర్లు. ఆ అంగడే ఏడాదికి మూడుసార్లు 'నెక్స్ట్ ఫెస్ట్' అని వారం రోజుల సంత జరుపుతుంది. ఇంకా విడుదల కాని ఆటల నమూనాలు అక్కడ ఉచితంగా ఆడి చూడొచ్చు. తయారుచేసినవాళ్లు తమ ఆట పేజీలోనే లైవ్ ఇవ్వొచ్చు. నచ్చినవాళ్లు 'విష్‌లిస్ట్' అని, ముందుముందు కొనడానికి గుర్తు పెట్టుకుంటారు. అయితే ఒక ఆటకు ఆ సంతలో ఒక్కసారే ప్రవేశం. మా పై వాటా పిల్లల కంగారంతా అందుకే. ఆ ఒక్క వారం చేజారితే మళ్లీ రాదు.

చూపు ఎంత పని చేస్తుందో చెప్పడానికి 'అమాంగ్ అస్' కథ చాలు. ఇన్నర్‌స్లాత్ అనే చిన్న బృందం 2018లో విడుదల చేసిన ఆట అది. రెండేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో కొందరు స్ట్రీమర్లు నలుగురూ కలిసి ఆడుతూ, ఒకరినొకరు అనుమానించుకుంటూ, అరుచుకుంటూ చూపించేసరికి ప్రపంచమంతా పాకిపోయింది. ఆ అక్టోబరులో అమెరికా పార్లమెంటు సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఓటు వేయమని చెప్పడానికి అదే ఆట లైవ్‌లో ఆడితే ఒక్కసారే నాలుగు లక్షలమందికి పైగా చూశారు. ఆటలో మార్పేమీ లేదు. ఆడుతున్న మనుషుల మొహాల్లో ఆనందం కనపడింది, అంతే.

మెరుగులు దిద్దితే?

మొదటి లైవ్ దెబ్బతిన్నాక మా పిల్లలకు ఓ ఆలోచన వచ్చింది. చార్మినార్ మీద సన్నటి జల్లు, పైన వెయ్యి పతంగులు, మినార్ల చుట్టూ తిరిగే పావురాలు... ఇలాంటి దృశ్యం ఒకటి విడిగా తయారుచేసి, ఆటలో భాగమన్నట్టు చూపించాలని! "ముందు చూపిద్దాం ఆంటీ, తర్వాత ఆటలో పెడ్తం. అందరు గట్లనే చేస్తరు" అన్నాడు. ఆ వెయ్యి పతంగులను వాళ్ల ఆట మోయలేదని అతనికీ తెలుసు.

అందరూ చేస్తారన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. 2005 ఈ3లో సోనీ 'కిల్‌జోన్' కొత్త భాగమంటూ చూపినది ఆడుతున్న ఆట కాదు, ముందే తయారుచేసిన బొమ్మల సినిమా. 2012లో యూబీసాఫ్ట్ 'వాచ్ డాగ్స్' చూపించినప్పటి మెరుపు 2014లో చేతికొచ్చిన ఆటలో లేదని కొన్నవాళ్లు గొడవపెట్టారు. 2013లో వచ్చిన 'ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్' మీద బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థకు ఫిర్యాదులు వెళ్లాయి. ప్రచార చిత్రాలు అసలు ఆటను సరిగ్గా చూపలేదని సెగా కంపెనీ ఒప్పుకుని, వాటికి హెచ్చరిక వాక్యం తగిలిస్తానంది.

అన్నిటికన్నా పెద్ద పాఠం 'సైబర్‌పంక్ 2077'. 2018లో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ 48 నిమిషాల ఆటను చూపించి నోరూరించింది. 2020 డిసెంబరు 10న విడుదలైంది. మంచి కంప్యూటర్లున్నవాళ్లు ఆడగలిగారు. పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకు మాత్రం అడుగడుగునా ఆగిపోయింది. ఆ పాత పెట్టెల మీద ఆట ఎలా నడుస్తుందో విడుదలకు ముందు చూపించనందుకు కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. వారం తిరిగేసరికి సోనీ తన అంగడిలోంచి ఆటను తీసేసి డబ్బు వాపసిచ్చింది. 2021 జూన్ దాకా మళ్లీ పెట్టలేదు. గమనించారా? ఇక్కడ చూపించిన బొమ్మ తప్పని కాదు గొడవ, చూపించనిది ఏమిటన్నది గొడవ. పెళ్లిచూపుల్లో చెప్పిన మాటలన్నీ నిజమే అయినా, దాచిన ఒక్క సంగతి కాపురాన్ని కూల్చినట్టన్నమాట.

ఇంకో తమాషా చూడండి. 2016లో వచ్చిన 'నో మ్యాన్స్ స్కై' మీద కూడా బ్రిటన్‌లో ఫిర్యాదులు వెళ్లాయి. విచారణ చేసి, ప్రకటనలో తప్పు లేదని తేల్చారు. అయినా జనం కోపం చల్లారలేదు. విడుదలకు ముందు ముఖాముఖీల్లో ఇచ్చిన మాటలు వాళ్లకు గుర్తున్నాయి మరి! ఆ చిన్న కంపెనీ నోరు మూసుకుని ఏళ్ల తరబడి ఉచితంగా కొత్త భాగాలు చేర్చుకుంటూ పోయి, పోయిన పేరు మళ్లీ తెచ్చుకుంది. పెద్ద కంపెనీలకైతే తట్టుకునే డబ్బుంటుంది. చిట్టీ డబ్బుతో కంప్యూటర్ కొన్నవాళ్లు అన్నేళ్లు ఎక్కడ ఆగగలరు?

లాడ్ బజార్ పాఠం

ఆ వారమే మా ఆడపడుచు కూతురి పెళ్లి గాజులకని లాడ్ బజార్ వెళ్లాను. పిల్లవాణ్ని కూడా సంచులు మోయడానికి రమ్మన్నాను. మన హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ గాజులు చేసే పద్ధతిని చూపించాలని నా ఉద్దేశం.

నిప్పుల దగ్గర కూర్చున్న పనివాడు మాతో ఒక్క మాట మాట్లాడలేదు. మెత్తబడ్డ లక్కను పొడుగ్గా సాగదీశాడు, గుండ్రంగా చుట్టాడు, అద్దం ముక్కలూ రాళ్లూ ఒక్కొక్కటే వేడి మీద అద్దాడు. మేం నోరు తెరుచుకుని చూస్తున్నాం. వెనక ఇంకో ఆరుగురు చేరారు. ఒక గాజు మధ్యలో వంకరపోయింది. అతను నవ్వి, మళ్లీ వేడిచేసి సరిదిద్దాడు. అప్పుడు దుకాణదారు నా కొలత అడిగి, చేతికి తొడిగి, "తిప్పి చూడండమ్మా" అన్నాడు. ధర మాట ఆ తర్వాతే.

"చూశావా నాన్నా, ఆయన తన తాతగారి కథ చెప్పాడా?" అన్నాను బయటికొచ్చాక. పిల్లవాడు నవ్వాడు కానీ, ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

నాకు తోచిన తేడా ఇది. సినిమా ట్రైలర్లో ఏం చూస్తామో, సినిమాలోనూ అదే చూస్తాం. మనం ఎప్పటికీ చూసేవాళ్లమే. ఆట అలా కాదు, కొన్నవాడి చేతుల్లోకి వెళ్తుంది. కాబట్టి కళ్లకు ఎంత అందంగా ఉందో చూపిస్తే చాలదు. చేతికి ఎలా ఉంటుందో చూపించాలి. దారం వదిలినప్పుడు పతంగి ఎలా బరువు తగ్గుతుంది, లాగినప్పుడు ఎలా కస్సున లేస్తుంది, ఎదుటివాడి మాంజా తగిలినప్పుడు వేలికేం తెలుస్తుంది... ఇదీ ఆట. వాన జల్లు కాదు.

ఏం చేస్తే బావుంటుంది?

పిల్లలూ నేనూ కూర్చుని, నాలుగైదు మంచి ప్రసారాలు చూసి, ఓ చీటీ రాసుకున్నాం. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పని చేసే పిల్లలుంటే పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి అర నిమిషంలోనే ఆట ఆడుతూ కనబడాలి. పేర్లూ పరిచయాలూ ఆడుతూనే చెప్పుకోవచ్చు. లైవ్‌కు జనం పెళ్లి భోజనాలకు వచ్చినట్టు ఒక్కో బంతికి వస్తుంటారు. అందుకని పది నిమిషాలకోసారి 'ఇది ఫలానా ఆట, మీరు చేయాల్సింది ఇదీ' అని ఒక్క వాక్యంలో మళ్లీ చెప్పాలి.

ఆడేవాళ్లు ఒకరు, మాట్లాడేవాళ్లు ఇంకొకరు ఉండాలి. ఒక్కరే రెండూ చేస్తే రెండూ చెడతాయి. 'ఇప్పుడు దారం వదులుతున్నా, ఎందుకంటే గాలి ఎడమనుంచి వస్తోంది' అని, ఆడేవాడి మనసులో ఏం జరుగుతోందో పైకి చెప్పాలి. చూసేవాడికి అప్పుడే తనూ ఆడుతున్నట్టుంటుంది.

ఆటలో ఒక చిన్న ముక్కను మొదలూ చివరా ఉండేలా ఎంచుకోవాలి. ఒక పందెం, ఒక గెలుపో ఓటమో. ఆట మొత్తం చూపబోతే ఏదీ నిలవదు. ఓడిపోతే దాచుకోనక్కర్లేదు. తయారుచేసినవాడే ఓడిపోతే చూసేవాడికి పౌరుషం వస్తుంది.

చాలామంది ఫోన్‌లోనే చూస్తారు. కంప్యూటర్ మీద ముత్యాల్లా కనిపించే అక్షరాలు ఫోన్‌లో ఆవగింజలవుతాయి. సంగీతం మాటను మింగేయకూడదు. ముందురోజు ఓ గంట ప్రైవేటుగా ప్రసారం చేసుకుని వేరే ఫోన్‌లో చూసుకోవాలి. కరెంటు పోయినా రూటర్ ఆగకుండా ఇన్వర్టర్‌కు కలపాలి. అడిగిన ప్రశ్న మనకు కనిపించేసరికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది కాబట్టి, జవాబిచ్చే ముందు ఆ ప్రశ్నను పైకి చదవాలి.

ఏది తయారైందో, ఏది కాలేదో స్పష్టంగా చెప్పాలి. 'ఇది ఇంకా పనిలో ఉంది' అని తెర మీద రాస్తే చిన్నతనమేమీ కాదు. 'అది కూడా వస్తుందా' అని అడిగినప్పుడు, ఖాయం కాకపోతే 'తెలీదు' అనడం నేర్చుకోవాలి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే!

చివరిది నేను పట్టుబట్టి రాయించింది. ప్రశ్నల వరుసను కాపలా కాయడానికి ఒక మనిషి వేరే ఉండాలి. ఎందుకంటారా? ఆ ఆటలో ప్రతి డాబా, ప్రతి కిటికీ, ప్రతి పతంగి గీసింది మొగల్‌పురా అమ్మాయి. మొదటి లైవ్‌లో ఆమె గొంతు రెండు నిమిషాలు వినబడిందో లేదో, ఎవడో ముక్కూమొహం లేనివాడు ఓ రోత మాట రాశాడు. ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది. ఆడపిల్లలు ఈ రంగంలో వెనక్కి తగ్గేది చేతకాక కాదు, ఇలాంటి క్షణాల వల్ల. అలాంటి మాట కనిపించగానే తుడిచేసి, రాసినవాణ్ని బయటికి పంపే ఏర్పాటు ప్రతి వేదికలోనూ ఉంది. దాన్ని వాడాలి.

మనవాళ్లేం తక్కువ?

ఇదంతా దొరల దేశాల సంగతి అనుకోకండి. 2022 నుంచి 2024 దాకా వరుసగా మూడేళ్లు దేశంలోని ఆటల తయారీదారుల సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఇక్కడి ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల రాక్షసులతో చేసిన 'అసుర' 2017లో స్టీమ్‌కెక్కింది. 'హిట్‌వికెట్' క్రికెట్ ఆట పుట్టిందీ ఈ ఊళ్లోనే, ఆ సంస్థను నిలబెట్టినవారిలో కీర్తి సింగ్ అనే మహిళ ఉన్నారు.

పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ వాళ్ల 'రాజీ' కథ వింటే ధైర్యమొస్తుంది. తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే ఓ సర్కస్ పిల్ల అందులో నాయిక. 2017లో జనం దగ్గర చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. వాళ్లు ఆపలేదు. 2020 ఆగస్టులో నింటెండో వారి చిన్న ఆటల ప్రసారంలో ఆటను చూపించడం, అదే రోజు అమ్మకానికి పెట్టడం జరిగిపోయాయి. కెనడాలో తయారై 2023లో వచ్చిన 'వెన్బా' అయితే ఓ తమిళ ఇల్లాలి వంటిల్లే! చినిగిపోయిన వంట పుస్తకం చూసి, ఇడ్లీలు ఏ వరుసలో పెట్టాలో మనమే తేల్చుకోవాలి. ఇడ్లీ పాత్ర ఆవిరి చూపిస్తే చాలు, ఆటేమిటో ప్రపంచానికి అర్థమైపోయింది.

అమ్మలు అడగాల్సినవి

ఇక చూసేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. పిల్లలు ఏదో లైవ్ చూసి 'ఆ గేమ్ కొను' అని వెంటపడితే, ముందు వాళ్ల పక్కన కూర్చుని చూడండి. తెర మీద నడుస్తున్నది ఎవరైనా ఆడుతున్నదా, లేక బొమ్మల సినిమానా? మన ఇంట్లో ఉన్న యంత్రం మీద చూపిస్తున్నారా? ఉచితంగా ఆడి చూసే నమూనా ఉందా? స్టీమ్‌లో కొన్నదైతే పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు.

ఆడుతూ పొగుడుతున్న మనిషి డబ్బు తీసుకుని పొగుడుతున్నాడేమో కూడా చూడాలి. అలా తీసుకుంటే ఆ సంగతి కనబడేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటినీ, వాటి ప్రకటనలనూ కూడా కాదంది. పతంగుల ఆటకూ పందేల ఆటకూ తేడా ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసి ఉంటే, ఏది చూసినా 'ఈ గేములు నాశనం' అని ఒకే గాటన కట్టేయరు.

రెండో లైవ్

వానలో చార్మినార్ దృశ్యాన్ని పిల్లలు పక్కన పెట్టేశారు. నా మాట వల్ల కాదు. వాళ్లమ్మ ఒక్కటే అడిగిందట, "అది ఆటలో లేదని తెలిసినోళ్లు నిన్ను ఏమంటరు బిడ్డా?" అని.

సంత వారంలో రెండో లైవ్ పెట్టారు. మొదటి క్షణంలోనే పతంగి గాల్లో ఉంది. పై వాటా అబ్బాయి ఆడుతున్నాడు, స్నేహితుడు మాట్లాడుతున్నాడు. చెల్లెలు ముఖం చూపలేదు, ఆమె ఇష్టం. కిటికీ ఊచలు గీస్తున్న చేతులు మాత్రం తెర మూల కనిపించాయి, గొంతు నిబ్బరంగా వినిపించింది. ప్రశ్నల వరుసకు కాపలా మా అమ్మాయి! ఒకరిని బయటికి పంపింది కూడా.

పదో నిమిషంలో మావాడి పతంగి తెగింది. కంప్యూటర్ పతంగి చేతిలోనే! స్నేహితుడు ఆపుకోలేక "అఫా..." అని అరిచాడు. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చున్న మనిషి ఒకరు 'మళ్లీ ఆడు, ఈసారి దారం వదులు' అని రాశారు. మూలనున్న అంకె 63 దాకా వెళ్లింది. పెద్ద పెద్ద లెక్కల ముందు అది ఏమూలకు? కానీ చివరిదాకా 50కి తగ్గలేదు.

ఆ అరవై ముగ్గురిలో ఒకరు కింద వరండాలో, దీపం ఆర్పుకుని, ఫోన్ శబ్దం బాగా తగ్గించి చూస్తున్నారు. నీళ్ల మోటారు కట్టేయడానికి వెళ్లినప్పుడు కనిపించారు నాకు. నన్ను చూసి ఫోన్ తిప్పేసి, "వీడికి ఢీల్ ఇయ్యడం ఇంకా రాదమ్మా" అన్నారు వాళ్ల నాన్నగారు.